పులికాట్ ముఖద్వారమూ మా ఇంటి చరిత్రా

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినప్పుడు, కొండకు పేరుపడిన ఈ జిల్లాకు సముద్రతీరమూ పులికాట్ సరస్సూ కూడా దక్కాయి. తిరుపతిలో తరాలుగా స్థిరపడినవారిలో ఈ సంగతి గుర్తులేనివారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. నేను ఉద్యోగరీత్యా తిరుపతిలో ఉంటున్నాను గానీ, మా నాయనవైపు వారిదీ అమ్మవైపు వారిదీ తడ మండలంలో సరస్సు అంచున ఉన్న చేపలవేట పల్లె. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పబోయే వాటిలో బతికి ఉన్నవారి ఇంటి సంగతులు ఉన్నాయి.

జిల్లా మారిన తరువాత మా పల్లెల వార్తలు తిరుపతి పేజీల్లో కనిపించడం మొదలైంది. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల్లో ఇసుక మేట తీయించాలని మత్స్యకారులు వినతిపత్రం ఇచ్చారని ఒకనాడు, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్నందున వేటకు వెళ్లరాదని మరొకనాడు, సరస్సులో సరిహద్దు దాటి వలలు వేశారని తమిళనాడు పల్లెలకూ మన పల్లెలకూ మధ్య గొడవ అని ఇంకొకనాడు, చలికాలం వచ్చేసరికి ఫ్లెమింగో పండుగ ఏర్పాట్లు అని వేరొకనాడు చిన్న చిన్న వార్తలు వస్తుంటాయి. చదివేవారికి ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలుగా కనిపిస్తాయి. కొంతకాలంగా మా పెద్దల దగ్గర కూర్చుని ఇంటి చరిత్ర రాసుకుంటూ వస్తున్న నాకు మాత్రం, ఈ వార్తల్లో పాలుపంచుకోని మనిషి మా వంశవృక్షంలో ఒక్కరూ లేరని స్పష్టమైంది. అన్నింటికీ మూలంగా నిలిచేది సరస్సు ముఖద్వారమే.

పులికాట్ మన దేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి పొడవుగా అడ్డం పడి ఉంటుంది. కాళంగి, ఆరణి నదుల నీరూ స్వర్ణముఖి పాయల నీరూ ఇందులోకి వస్తాయి. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా వచ్చి పోతుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, లోతుగా ఉండి ఏడాదిలో ఎక్కువ కాలం పారే ముఖద్వారం దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఉంది. మనవైపు ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ఉన్నవి ఇసుకతో పూడిపోతూ ఉంటాయి. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు పోటుతోపాటు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడి పలుచని ఉప్పునీటిలో మేసి పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. సముద్రానికీ సరస్సుకూ తిరిగే చేపల సంగతీ ఇంతే. ద్వారం మూసుకుపోతే ఆ రాకపోకలు ఆగిపోతాయి. ఎండాకాలంలో నీరు ఇగిరి ఉప్పదనం పెరుగుతుంది, మీటరు, మీటరున్నర లోతు మాత్రమే ఉండే సరస్సు అంచుల నుంచి వెనక్కి తగ్గి, ఉత్తరభాగంలో నేల బీటలు వారుతుంది. ఇంత చిన్న విషయం మీద కొన్ని వేల కుటుంబాల అన్నం ఆధారపడి ఉందని జిల్లా పేజీలోని నాలుగు వాక్యాల వార్త ఎన్నడూ చెప్పదు.

మా తాత వేటగాడు కావడానికి ముందు పడవ నడిపేవాడని నాకు ఈమధ్యనే తెలిసింది. బకింగ్‌హాం కాలువ పులికాట్ గుండానే పోతుంది. 19వ శతాబ్ది మొదట్లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు మొదలైన ఆ కాలువ క్రమంగా ఉత్తరానికి పెరిగింది. 1876–78 నాటి పెద్ద కరవులో కూలి కోసం వచ్చినవారి చేత మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని తవ్వించాక, 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు మద్రాసుకు పోయింది ఈ నీటిదారినే. మా తాత, ఆయన అన్న ఆ కట్టెల పడవల మీద గడ వేసేవారట. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తడం, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం, వంటా నిద్రా పడవలోనే. 1965, 1966 తుపానులకు కాలువ దెబ్బతిని, లారీలు కూడా పెరిగిన తరువాత ఆ పని పోయింది. తాత వలకు వచ్చింది అప్పుడే. వంశవృత్తి అని మేమందరం చెప్పుకునే చేపలవేట మా ఇంటి వరకు ఒక ఉపాధి పోయినందువల్ల కొత్తగా పట్టుకున్న పని అని తెలిశాక, ఆయన మీద గౌరవం నాకు రెట్టింపు అయింది. నడివయసులో పని మార్చుకుని, నీటి అడుగు ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఏ గాలికి ఏ చేప ఏ మూలకు చేరుతుందో తనకంటే చిన్నవారి దగ్గర నేర్చుకోవడం తేలిక కాదు.

ఆయన వదిలిపోయిన కాగితాల్లో ముఖ్యమైనది 1972 నాటి ఒక ప్రామిసరీ నోటు. నైలాను వల కొనడానికి షావుకారు దగ్గర తీసుకున్న అప్పు అది. అంతకుముందు నూలు వలలు ఉండేవి; వాటిని చెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో నానబెట్టి, వేట నుంచి రాగానే ఆరబెట్టుకోకపోతే కుళ్లిపోయేవి. నైలాను వచ్చి ఆ చాకిరీ తీసేసింది, దానితోపాటే పట్టిన సరుకంతా అప్పు ఇచ్చినవాడికే, అతను చెప్పిన ధరకే పోయాలన్న షరతునూ తెచ్చింది. మా ఊళ్లో అనేక ఇళ్లలో రాతపూర్వకంగా మిగిలినది అప్పుపత్రాలే. చరిత్ర రాయాలనుకునే వారికి అవి తక్కువ ఆధారాలేమీ కావు: ఏ ఏడాది ఏ వల వచ్చింది, దాని ధర ఎంత, సాక్షి సంతకం ఎవరు చేశారు, ఎవరు వేలిముద్ర వేశారు అన్నదంతా వాటిలో ఉంటుంది.

అవ్వది శ్రీహరికోట దీవి. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న పరిశోధక రాకెట్‌ను అక్కడి నుంచి మొదటిసారి ప్రయోగించారు. ఈ రెండు తేదీలూ పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. వాటి మధ్యకాలంలో దీవి మీది పల్లెలవారు సామాన్లు పడవల్లో వేసుకుని ఇటు గట్టుకు చేరిన సంగతి మా అవ్వ చెప్పగా నేను రాసుకున్నాను. ఆమె పుట్టిల్లు అంతరిక్ష కేంద్రం కంచె లోపల ఉంది. అక్కడి గంగమ్మ గుడి, చింతచెట్టు, ఉప్పుతగలని మంచినీటి బావి ఎక్కడెక్కడ ఉండేవో ఆమె నేల మీద వేలితో గీసి చూపించేది. మా ఇంటిలో దీనిపట్ల పగ లేదు; ప్రయోగం విజయవంతమైతే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది ఆమే. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచిన మధ్యాహ్నం మా ఇంటివారంతా సరస్సు గట్టు మీదే ఉన్నారు. అయినా దేశానికి గర్వకారణమైన ఒక చోటుకు తమ ఇళ్లు ఇచ్చినవారి పేర్లు ఏ పలక మీదా లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. సూళ్లూరుపేట నుంచి దీవికి వేసిన రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. నీటి పారుదలకు అది అడ్డమైందనీ, ఉత్తరభాగం త్వరగా ఎండటానికి అదీ ఒక కారణమనీ మా పెద్దల మాట. సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రింబగళ్లు మూయరు. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలూ, వేటకు ముందు మావారూ మొక్కుకునేది ఆ తల్లికే.

మా పెద్దలు సంవత్సరాలను అంకెలతో చెప్పరు. పెద్ద గాలివాన అంటే 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను. మా మేనత్త పెళ్లి దానికి ముందు వేసవి, మా పెద్దనాయన రెండో కొడుకు పుట్టింది దాని తరువాతి పంటకాలం. సునామీ అంటే 2004 డిసెంబరు 26 అని అందరికీ తెలుసు కాబట్టి దానినుంచి లెక్క తేలిక. ఈ గుర్తులను పట్టుకుని నేను వేసుకున్న పట్టికలో జననమరణాల పక్కన మరొక వరుస పెట్టాను: ఎవరు ఊరు విడిచి వెళ్లారు, ఎందుకు వెళ్లారు. ఆ వరుస నింపుతూ పోగా ముఖద్వారం సంగతి దానంతట అదే బయటపడింది. పెద్దనాయన చెన్నై కాసిమేడు రేవులో పెద్ద బోటు మీద కూలికి పోయింది వరుసగా వానలు తప్పి, ద్వారం తెరుచుకోని ఏళ్లలో. చిన్నాయన ఎన్నూరు వైపు కంపెనీ పనికి పోయింది మళ్లీ అటువంటి కాలంలోనే. మా నాయన ఊరిలోనే ఉండిపోవడానికి కారణం అడిగితే, తాను వల పట్టిన తొలి రెండు మూడేళ్లు మంచి వరదలు వచ్చి, ముఖద్వారం తెరుచుకుని రొయ్య బాగా పడిందని చెప్పాడు. అన్నదమ్ములలో ఒకరు ఉండటానికీ మరొకరు పోవడానికీ స్వభావాలే కారణమని ఇంట్లో అనుకునేవారు. నా పట్టిక అలా చెప్పడం లేదు.

సరిహద్దు గొడవల వార్త చదివినప్పుడు కూడా నాకు చుట్టాల ముఖాలే కనిపిస్తాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా సరస్సు మొత్తం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. మా తాత చెల్లెలిని పళవేర్కాడు వైపు ఇచ్చారు. మా ఊరిలో చేపలవేట కులమైన పట్టపువారి ఇళ్లలో ఇప్పటికీ ఇంట తమిళమూ వీధిలో తెలుగూ నడుస్తాయి. సరస్సులో ఎవరు ఎక్కడ, ఏ రోజు వల కట్టాలన్నది ఊరి పెద్దలు పెట్టిన వంతుల ప్రకారం సాగేది, వంతు తప్పినవారికి తప్పు వేసేవారు. పారే ద్వారం ఒక రాష్ట్రంలోనూ నీటిలో ఎక్కువ భాగం మరొక రాష్ట్రంలోనూ ఉన్నప్పుడు, రొయ్య ముందుగా చేరే చోటు కోసం పోటీ తప్పదు. నీళ్లు తక్కువైన ఏడాది గొడవలు ఎక్కువ కావడం యాదృచ్ఛికం కాదు. గొడవపడిన రెండు పల్లెల మధ్య ఎన్ని వియ్యాలు ఉన్నాయో వార్తాపత్రిక చెప్పదు. కేసు పెట్టినవాడు, ఆ కేసులో ఇరుక్కున్నవాడు ఒకే పెళ్లిపందిరిలో కూర్చున్న సందర్భం మా ఇంటిదే ఉంది.

ఆడవారి సంగతి రాయకపోతే ఈ చరిత్ర సగం కూడా కాదు. వల మగవాడిది, డబ్బు లెక్క ఆడవారిది. మా అవ్వ ఎండు చేపలూ ఎండు రొయ్యలూ గంపలో పెట్టుకుని, తడ స్టేషనులో రైలెక్కి, అటు గుమ్మిడిపూండి ఇటు నాయుడుపేట దాకా తిరిగి అమ్మేది. వల కొనే శక్తి లేని యానాది స్త్రీలు నడుములోతు నీటిలో వరుసగా కదులుతూ, బురదలో చేతులతో తడిమి రొయ్యలు పట్టి, మెడకు కట్టుకున్న బుట్టలో వేసుకునేవారు. నీరు తగ్గినకొద్దీ మొదట పోయేది వారి పనే. 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలయ్యాక మా ఊరి అమ్మాయిలు ఉదయం కంపెనీ బస్సులెక్కి ఫ్యాక్టరీలకు పోవడం మొదలుపెట్టారు. మా మేనత్త కూతురు అక్కడే పనిచేస్తుంది. నెలనెలా జీతం వచ్చే మొదటి స్త్రీ మా వంశంలో ఆమే. దీనిని నేను మంచి మార్పుగానే చూస్తాను. కాని వేట మానుకోవలసి వచ్చి ఫ్యాక్టరీకి పోవడమూ, ఇష్టపడి పోవడమూ ఒకటి కావు. ద్వారం తెరిచి ఉంటే ఆ ఎంపిక ఆమె చేతిలో ఉండేది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల సముద్ర వేటనిషేధం, ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి (2025లో దానిని 20,000 రూపాయలకు పెంచారు) అందరూ చదివే వార్తలే. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ సరస్సుకు వేల మైళ్ల నుంచి వచ్చే పక్షుల కోసం పండుగ చేయడమూ సంతోషించదగినదే. ఆ పక్షులు తినే మేత కూడా ఈ ముఖద్వారం గుండా వచ్చే నీటిలోనే పుడుతుందని పండుగ వేదిక మీద ఒక్క మాట చెబితే బాగుంటుంది. పక్షికీ పల్లెకూ కావలసింది ఒకటే కాబట్టి, పూడికతీతను కేవలం మత్స్యకారుల కోరికగా రాయడం సరికాదని నా అభిప్రాయం. ఒకసారి తవ్వి వదిలేస్తే అలలు మళ్లీ ఇసుక తెచ్చి పోస్తాయి. ఏటా వానలకు ముందు చూసుకునే ఏర్పాటు ఉండాలి.

ఇప్పటికి నా పట్టికలో నాలుగు తరాలు ఉన్నాయి. వంతుల సంగతి మాత్రం ఇంకా అసంపూర్ణం. ఏ ఇంటికి ఎన్ని వంతులుండేవి, వితంతువు ఇంటి వంతు ఎవరికి ఇచ్చేవారు, ఊరు విడిచి వెళ్లినవాడు తిరిగివస్తే హక్కు ఉండేదా అన్నవి మా మేనమామకు నోటికి వచ్చు. ఆయనకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఈ వారం వెళ్లి ఆయన చెప్పినది రికార్డు చేసి, పళవేర్కాడులో ఉన్న తాత చెల్లెలి మనవళ్లను కూడా కలిసి, అటువైపు వారి వంతుల లెక్క పక్కనే రాయాలని నిర్ణయించుకున్నాను. సరస్సు అంచు పల్లెలవారిలో ఎవరి ఇంట్లోనైనా పాత పడవ లైసెన్సులు, వలల అప్పుపత్రాలు, దీవి ఖాళీ చేసినప్పటి కాగితాలు ఉంటే వాటిని పారవేయకుండా, ఫొటో తీసి నాకు పంపవలసిందిగా కోరుతున్నాను.