కొవ్వూరు గోదారి పుట్టిల్లు చూసొచ్చా

మాది కొవ్వూరు. నాకు గోదావరి అంటే, రాజమండ్రి వెళ్ళే రైల్లో బ్రిడ్జి ఎక్కాక కిటికీలోంచి ఎంతసేపు చూసినా ఒడ్డు రాని గోదావరి. అది నాసిక్ దగ్గర పుడుతుందని స్కూల్లో చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయాను. పుణెకి చదువుకోడానికొచ్చి ఏడాదిన్నర అవుతున్నా ఆ గోదారి పుట్టే త్ర్యంబకం వెళ్ళలేదని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా సాధిస్తుంటే, మొన్న ఫిబ్రవరిలో నా రూమ్మేట్ నాసిక్‌లో వాళ్ళింటికి వెళ్తుంటే దానితో పాటు నేనూ బస్సెక్కేశా.

శనివారం కదా, గుడి దగ్గర క్యూ చూసి సగం భక్తి అక్కడే పోయింది. మూడున్నర గంటలు నిలబడ్డాం. నానాసాహెబ్ పేష్వా కట్టించిన నల్లరాతి గుడి బయట్నుంచి ఎంత బాగుంటుందంటే, ఆ క్యూలో చేసే పనేమీ లేక దాని శిల్పాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. లోపల మనం మామూలుగా చూసే లింగం ఉండదు. ఒక గుంట, అందులో బొటనవేలంత మూడు రూపాలు, బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. పైన పెట్టిన అద్దంలో చూడాలి. నాకు దొరికిన రెండు సెకన్లలో అద్దం కనిపించింది, దేవుడు కనిపించాడో లేదో చెప్పలేను.

అసలు విషయం కుశావర్తం దగ్గర. అదో కోనేరు, కుంభమేళా స్నానాలు అక్కడే. పక్కనే ఒక పెద్దాయన ఎవరికో కథ చెప్తున్నాడు, నాకొచ్చిన కాస్త మరాఠీతో విన్నా. గౌతమ మహర్షి పొలంలో ఆవు మేస్తుంటే ఆయన దర్భ విసిరాడట, ఆవు చనిపోయిందట, ఆ పాపం పోవడానికి తపస్సు చేసి గంగను దింపాడట. ఆగండాగండి, ఇది మా ఊరి కథ! మా గోష్పాద క్షేత్రంలో ఆ ఆవు గిట్టల గుర్తులున్నాయనే కదా మా నానమ్మ చెప్పింది! గౌతముడు తపస్సు చేసింది కూడా మా ఊళ్ళోనే అని కొవ్వూరులో ఎవర్నడిగినా చెప్తారు. రూమ్మేట్‌తో అంటే అది నవ్వి, "నది 1,465 కిలోమీటర్లు నడిచింది, కథ నడవదా?" అంది. నాకు మాత్రం కాస్త కుళ్ళుగానే అనిపించింది. 2015 పుష్కరాలకి నేను నానమ్మ చెయ్యి పట్టుకుని గోష్పాదం రేవులో మునిగానా, గురుడు సింహరాశిలోకి వచ్చాడని అదే ఏడాది వీళ్ళకిక్కడ కుంభమేళా. మళ్ళీ 2027లో రెండు చోట్లా అదే హడావిడి.

సాయంత్రం బ్రహ్మగిరి మీద గంగాద్వారం దాకా ఎక్కాం. ఏడెనిమిది వందల మెట్లు, పైన కోతులు, నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ హాంఫట్. అంతా ఎక్కితే అక్కడ గోదారి చుక్కలు చుక్కలుగా కారుతోంది. నిజంగా చుక్కలే! దోసిలి నిండడానికి ఎంతసేపో పట్టింది.

ఆదివారం గిర్నారే వైపు రూమ్మేట్ వాళ్ళ మామ ద్రాక్ష తోటకి వెళ్ళాం. ద్రాక్ష తోట, నాసిక్, అంటే నేను ఇంకేదో ఊహించుకున్నా (అమ్మా, నువ్విది చదవట్లేదని నమ్మకం). ఆయన వైన్ కంపెనీకి ద్రాక్ష అమ్ముతాడు గానీ చుక్క ముట్టడు. మాకు ఝుణ్కా భాకరీ (శనగపిండి కూర, రొట్టె) పెట్టి మజ్జిగ ఇచ్చాడు. తోటలో రెండు రకాలున్నాయి. మనం బజార్లో కొనే థామ్సన్ పందిళ్ళ మీద పాకుతుంది, గుత్తి గుత్తికీ కాయలు పల్చన చేసి, కాయ సాగడానికి మందునీళ్ళలో ముంచుతారట. పసిపిల్లకి నలుగు పెట్టినట్టే. వైన్ ద్రాక్షకి ఆ ముద్దులేం లేవు. చిన్న కాయ, మందం తోలు, నోరంతా గింజలు, కానీ ఆ తీపి! అక్టోబర్లో కొమ్మలు కత్తిరించిన దగ్గర్నుంచి కోత దాకా మబ్బు పట్టినప్పుడల్లా నిద్రుండదన్నాడు మామ. పూత మీద వాన పడితే తెగులు, పండాక పడితే కాయ పగులుతుంది. మరి నీళ్ళెక్కడివి అని అడిగితే చేత్తో చూపించాడు: దూరంగా గంగాపూర్ డ్యామ్ నీళ్ళు మెరుస్తున్నాయి. నిన్న చుక్కలుగా చూసిన గోదారే. మనకంటే ముందే తాగేస్తున్నారన్నమాట అని తెలుగులో గొణుక్కున్నా, ఆయన మాత్రం ఇంకో గుత్తి కోసి చేతిలో పెట్టాడు, దాంతో నోరు మూసుకున్నా.

కుశావర్తం నీళ్ళ సీసా ఇప్పుడు నా హాస్టల్ అల్మారాలో షాంపూ పక్కన ఉంది. ఉగాదికి వెళ్ళినప్పుడు గోష్పాదంలో కలపాలని అమ్మ ఆర్డర్. మామ ఇచ్చిన రెండు కిలోల ద్రాక్ష మాత్రం బస్సు పుణె చేరేలోపే అయిపోయింది.