అద్దె విండోస్‌కి ముందు సొంత లినక్స్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పట్నుంచి మా బాబాయికి ఒకటే టెన్షన్. ల్యాప్‌టాప్ శుభ్రంగా పనిచేస్తోంది కానీ అందులో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. ఇంటర్నెట్‌లో కంప్యూటర్ అద్దెకు దొరుకుతుందని ఎవరో చెప్పారట. "ఒరేయ్, దీంట్లోంచే కొత్త విండోస్ వాడుకోవచ్చటగా, తీసేసుకోనా?" అన్నారు.

"సరే బాబాయ్, ఆ అద్దె కంప్యూటర్‌ని తెరిచేది దేంతో?"

అసలు సంగతి అక్కడే ఉంది. ఇలా దూరం నుంచి వాడే కంప్యూటర్, అంటే రిమోట్ డెస్క్‌టాప్, ఎక్కడో నడుస్తున్నా, పాస్‌వర్డ్ కొట్టేది మాత్రం మన ముందున్న కీబోర్డు మీదే. మనం నొక్కే కీలను గుట్టుగా కాజేసే ప్రోగ్రామ్ ఏదైనా ఇక్కడ దూరి కూర్చుంటే, అవతలి విండోస్ ఎంత కొత్తదైనా ఒరిగేదేమీ లేదు. కాబట్టి ముందు ఈ ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దాం, అద్దె సంగతి తర్వాత అన్నాను.

"ఊరికే ఇస్తున్నారంటే ఏదో తిరకాసు ఉంటుంది" అని ఆయన అనుమానం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, ఇవాళ ఆయన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఉందని చెబితే కాస్త మెత్తబడ్డారు. 4 జీబీ ర్యామ్ కాబట్టి లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌లో, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్నది ఎంచుకున్నాను. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే డిస్క్‌ని ముట్టుకోకుండానే వాడి చూడొచ్చు. అప్పుడు వేగం చూసి తీర్పు చెప్పకండి, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా నెమ్మదే. చూడాల్సింది వైఫై, సౌండ్, ప్రింటర్. మూత వేసి తీస్తే ల్యాప్‌టాప్ సరిగ్గా నిద్ర లేస్తోందా అన్నది కూడా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేయనా అని అడుగుతుంది. ఫోటోలు, ఫైళ్ళు వేరేచోట కాపీ చేసుకున్నాకే సరే అనాలి.

అది ఎక్కాక చూస్తే బ్రౌజర్, మెయిల్, ఫోటోలు, లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు... ఆయన రోజువారీ పనులన్నీ ఇక్కడే తెమిలిపోతున్నాయి. విండోస్ తప్ప ఇంకెక్కడా నడవని అకౌంట్స్ ప్యాకేజీ ఒక్కటి మిగిలింది. దానికోసం గంటల లెక్కన బిల్లు పడే మెషీన్ తీసుకున్నాం. మింట్‌లోంచి రెమ్మినా అనే ప్రోగ్రామ్‌తో అందులోకి వెళ్తారు.

అక్కడ బాబాయి మొదట విసుక్కున్నది టైపింగ్ గురించే. కీ నొక్కితే ఆ సంగతి అవతలికి వెళ్ళాలి, అక్షరం అక్కడ పడాలి, ఆ తెర బొమ్మ కుదించుకుని మన దగ్గరికి తిరిగి రావాలి. డౌన్‌లోడ్ స్పీడ్ ఎంత ఉన్నా ఈ రానుపోను ఆలస్యం పోదు, సర్వర్ దూరంగా ఉంటే మరీను. "నేను ఎనిమిది కొట్టి చాయ్ తాగొస్తే పడుతుందిరా" అనేవారు, అతిశయోక్తే అనుకోండి. మెషీన్‌ని మనకు దగ్గరి రీజియన్‌కి, అంటే దగ్గర్లోని సర్వర్ల చోటికి, మార్చాక ఆ గొణుగుడు తగ్గింది. వీడియో కాల్ మాత్రం అందులోంచి చేయొద్దని ఖండితంగా చెప్పాను. బొమ్మా గొంతూ అటు వెళ్ళి ఇటు రావడం అనవసరపు తిప్పలే.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. విండో మూసేస్తే కనెక్షన్ మాత్రమే తెగుతుంది, అవతల మెషీన్ నడుస్తూనే ఉంటుంది. కొన్ని సర్వీసుల్లో లోపల షట్‌డౌన్ కొట్టినా మీటర్ ఆగదు, వాళ్ళ కంట్రోల్ పేజీకి వెళ్ళి అక్కడ ఆపాలి. అలా ఆపినా డిస్క్‌కి పడే అద్దె పడుతూనే ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి దారైన 3389 పోర్టుని ప్రపంచమంతటికీ తెరిచి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డపని. పాస్‌వర్డ్‌లు ఊహించి తలుపు తట్టే బాట్లు, అంటే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు, దానికోసమే తిరుగుతుంటాయి. మాది వీపీఎన్ వెనకాల, అంటే మాకు మాత్రమే తెరుచుకునే ప్రైవేట్ దారి వెనకాల, పెట్టాను.

ఆ అకౌంట్స్ ప్యాకేజీకి బ్రౌజర్ వెర్షన్ వస్తుందంటున్నారు. వచ్చిన రోజే అద్దె మానేద్దామని బాబాయి తొందరపడుతున్నారు. పాత లెక్కలన్నీ అందులోకి సరిగ్గా దిగుతాయో లేదో చూశాకే అని నేను ఆపుతున్నాను.