పార్సెల్ అందలేదంటూ వచ్చిన దొంగ మెయిల్: నా అనుభవం

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటూ, ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో పాత ఫిల్మ్ కెమెరాలను బాగుచేసి ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో వేలానికి పెట్టడం ఏడేళ్లుగా నాకు వ్యాపకం. గరాజ్ సేల్స్‌లో దొరికిన పెంటాక్స్ కె1000 వంటి వాటిని ఇంటికి తెచ్చి, వెనుక తలుపు దగ్గర జిగురుగా కరిగిపోయిన నల్లటి స్పాంజిని గీకి కొత్తది అతికించి, షట్టర్ సరిచూసి అమ్ముతుంటాను. లాభం పెద్దగా ఉండదు కానీ, కొన్నవారు ఇచ్చిన నాలుగు వందలకు పైబడిన ఫీడ్‌బ్యాక్‌లలో ఒక్క నెగటివ్ కూడా లేదన్న సంగతి నాకు కొంచెం గర్వకారణం. దొంగలు పట్టుకున్నదీ ఆ గర్వాన్నే.

ఒక ఆదివారం రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లో ఒక మెయిల్ వచ్చింది. ఈబే గుర్తు, అదే అక్షరాల తీరు, కింద జవాబివ్వడానికి నీలిరంగు బటన్. "కెమెరా ఇంతవరకు అందలేదు, 24 గంటల్లో జవాబు రాకపోతే కేసు వేసి పోలీసులకు కూడా చెబుతాను" అని కొనుగోలుదారు రాసినట్లు ఉంది. కెమెరా పేరు, ఐటెమ్ నంబరు, వేలంలో పలికిన ధర అన్నీ సరిపోయాయి. పైన నా పేరు కూడా తప్పు లేకుండా ఉంది. ఆ కెమెరాను నేను ఒరెగన్‌కు పంపి తొమ్మిది రోజులయింది, ట్రాకింగ్ కూడా మధ్యలో రెండు రోజులు కదలకుండా ఆగింది. నమ్మడానికి ఇంతకంటే ఏం కావాలి?

అమ్మేవాడి భయం ఎలాంటిదో కొనేవారికి అంతగా తెలియదు. 2008 నుంచి ఈబేలో కొనుగోలుదారుకు అమ్మకందారు నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి వీలులేదు. ఇచ్చే అధికారం అవతలివారికే ఉంది. కాబట్టి కోపంగా ఉన్న కొనుగోలుదారును వీలైనంత త్వరగా శాంతింపజేయాలన్న తొందర మాకు ఒంటబట్టిపోయింది. నిజంగా వస్తువు అందలేదని ఎవరైనా ఈబేలో అభ్యర్థన పెడితే జవాబివ్వడానికి మూడు పనిదినాల గడువు ఉంటుందని నాకు తెలుసు, అయినా ఆ 24 గంటల మాట చదివినప్పుడు అది గుర్తుకు రాలేదు.

లేచి ల్యాప్‌టాప్ తెరిచి, మెయిల్‌లోని బటన్ నొక్కాను. ఎప్పుడూ చూసే లాగిన్ పేజీయే వచ్చింది. మామూలుగా పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే నా పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ అక్కడ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తనంతట తానే నింపుతుంది. ఆ రాత్రి రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి. మేనేజర్ మొరాయిస్తోందని విసుక్కుని, దానిలోంచి పాస్‌వర్డ్ కాపీ చేసి నా చేతులతోనే అతికించాను. ఇంత స్పష్టమైన హెచ్చరికను నేనే తోసి అవతల పెట్టానన్నది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మరుక్షణం ఫోన్‌కు ఆరంకెల కోడ్ వచ్చింది, పేజీ ఆ కోడ్ అడిగింది. మూడంకెలు కొట్టేసరికి మా ఆవిడ గది గుమ్మం దగ్గరికి వచ్చి, "ఇంకా పడుకోలేదేంటండీ, పొద్దున ఆఫీసు లేదా?" అంది. తల తిప్పి జవాబు చెప్పి మళ్లీ తెరవైపు చూసేటప్పుడు, చూపు పైనున్న చిరునామా మీద పడింది.

చిరునామా మొదట్లో ఈబే పేరు స్పష్టంగానే ఉంది. ఆ తర్వాత ఒక చిన్న గీత, ఏవో అక్షరాలు, అంకెలు, చివరన నేనెన్నడూ వినని మరో పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాలో మాత్రం ఇంటిపేరు చివర ఉంటుంది. మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడినుంచి ఎడమకు చదివితే, డాట్ కామ్ వంటి తోకకు ఆనుకుని ఉన్న పేరే అసలు యజమానిది. దానికి ఎడమవైపు ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. ఫోన్ తెరమీద చిరునామా పూర్తిగా కనబడదు కనుక, అక్కడైతే దీన్ని పట్టుకునేవాణ్ని కాదేమో. పాస్‌వర్డ్ మేనేజర్ మాత్రం గుర్తును, రంగును చూసి మోసపోదు, ఆ ఇంటిపేరునే చూస్తుంది. అందుకే అది నోరు మూసుకుని కూర్చుంది.

పాస్‌వర్డ్ అప్పటికే వాళ్ల చేతికి చేరింది, దానితో అసలు ఈబేలోకి వెళ్లబోతేనే నాకు కోడ్ వచ్చి ఉంటుంది; ఆ కోడ్ ఒక్కటే వాళ్లకు చేరలేదు. ఆ పేజీ మూసి, ఈబే చిరునామాను నేనే టైప్ చేసి లోపలికి వెళ్లి ముందు పాస్‌వర్డ్ మార్చాను, మిగతా పరికరాలన్నిటిలో లాగౌట్ చేయించాను. తర్వాత డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా, నమోదైన ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మారలేదని ఒక్కొక్కటిగా చూసుకున్నాను. మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నాకు తెలియకుండా మెయిళ్లను దారి మళ్లించే ఫిల్టర్ ఏదైనా పుట్టిందేమోనని కూడా వెతికాను; లోపలికి చొరబడినవాళ్లు ముందుగా చేసే పనుల్లో అదొకటి. నిజమైన సందేశమైతే దాని ప్రతి ఈబే ఖాతాలోని మెసేజెస్‌లో ఉండి తీరాలి. అక్కడ ఏమీ లేదు. ఆ పని మొదటే చేసి ఉంటే పది సెకన్లలో తేలిపోయేది.

అక్కడినుంచే కొనుగోలుదారుకు మర్యాదగా ఒక సందేశం పంపాను. కెమెరా నిన్ననే అందిందని, అప్పుడే ఒక రీలు ఎక్కించానని పొద్దున్నే జవాబు వచ్చింది.

మరి వాళ్లకు ఇన్ని వివరాలు ఎలా తెలిశాయి? ఐటెమ్ నంబరు, ముగింపు ధర, వేలం ముగిసిన తేదీ అందరికీ కనబడేవే. వేలంపాటల జాబితాలో పాడినవారి యూజర్‌నేమ్‌ను ఈబే చుక్కలతో కప్పుతుంది కానీ, అమ్మేవాడి పేరును కప్పదు. నా అసలు పేరు, మెయిల్ ఎక్కడ దొరికాయో చెప్పలేను గానీ, 2014లో ఈబే వినియోగదారుల పేర్లు, మెయిళ్లు, ఇంటి చిరునామాలు దొంగల చేతికి పోయి, సుమారు 14.5 కోట్ల మంది పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి వచ్చింది. మెయిల్‌లో పేరు పెట్టి పిలిస్తే అది అసలుదేనన్న పాత సలహాను నేను ఆ రాత్రే వదిలేశాను. మచ్చలేని ఖాతా చేతికి చిక్కితే, అందులో ఖరీదైన వస్తువులు వేలానికి పెట్టి, వచ్చిన డబ్బు తమ బ్యాంకుకు మళ్లించుకోవచ్చు. కొన్నవారు తిట్టేది నన్ను.

మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా, అంటే మెయిల్ ఎక్కడినుంచి ఎలా వచ్చిందో చెప్పే లోపలి హెడర్లు చెరిగిపోకుండా, ఈబే వారు ఇందుకోసమే ఉంచిన స్పూఫ్ ఎట్ ఈబే డాట్ కామ్‌కు పంపాను. డబ్బు పోయి ఉంటే ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3కి ఫిర్యాదు చేసేవాణ్ని. భారతదేశంలో ఉండి అమ్మేవారికైతే సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

కొన్ని నెలలకు ఇంకో రకం ఎదురైంది. ఈసారి సందేశం ఈబే లోపలే నిజంగా వచ్చింది, లెన్సు కావాలి, ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి అని. పెడితే కాసేపటికి, డబ్బు చెల్లించారు, పార్సెల్ ట్రాకింగ్ నంబరు ఇస్తేనే విడుదలవుతుంది అంటూ ఒక దొంగ మెయిల్ వస్తుందని తోటి అమ్మకందారులు చెప్పగా విని ఉన్నాను. నేను మెసేజ్ పెట్టలేదు, రిపోర్ట్ చేసి వదిలేశాను.

ఇప్పుడు ఖాతాకు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో వేలిముద్రతోనో ముఖంతోనో లాగిన్ అయ్యే పద్ధతి, పెట్టుకున్నాను. వేలాలు ఆదివారం సాయంత్రం ఏడింటికే ముగిసేలా పెడుతున్నాను, రాత్రి పదకొండింటికి వచ్చే ఏ మెయిల్‌కూ పొద్దున కాఫీ అయ్యేదాకా జవాబివ్వడం లేదు.