మీటరు బాగుందంది, బండి కాదంది

నా మోటారు సైకిలు 1980ల నాటిది. ఇంజను విషయంలో అది నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. పెట్టిందల్లా కరెంటు విషయంలోనే. రెండు మూడు వారాలకొకసారి బ్యాటరీ దిగిపోయేది. రాత్రంతా చార్జరుకు తగిలించి ఉంచితే మర్నాడు సెల్ఫ్ మోటారు హుషారుగా తిరిగేది, కొన్నాళ్లకు మళ్లీ ‘టక్ టక్’మనే చప్పుడు తప్ప మరేమీ మిగిలేది కాదు. మొదట బ్యాటరీ మార్చాను. తరువాత, బండ్ల సంగతి బాగా తెలిసిన ఒకాయన మాట మీద, బ్యాటరీకి చేరే వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరును మార్చాను. రెండూ కొత్తవి, జబ్బు మాత్రం పాతదే. ఏది చెడిందో తెలుసుకోకుండానే విడిభాగాలు కొంటూ పోతున్నానన్న సంగతి అప్పటికి గాని నాకు తట్టలేదు.

అందుకని ఈసారి ఏదీ విప్పకముందే వోల్టులూ ఓములూ కొలిచే మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయి, బండి ఆపి కొన్ని గంటలు గడిచాక, దాని రెండు కొసల మధ్య 12.6 నుంచి 12.8 వోల్టులు ఉండాలి. 12.0 చూపించిందంటే అది దాదాపు ఖాళీ అయినట్టే లెక్క. సెల్ఫ్ నొక్కినప్పుడు ఆ అంకె 10కి అటూ ఇటూగా నిలబడాలి. అంతకంటే బాగా కిందికి జారితే బ్యాటరీ శక్తి ఉడిగిందని అర్థం. ఇంజనును నిమిషానికి నాలుగైదు వేల చుట్ల వేగంతో తిప్పుతూ కొలిస్తే 13.8 నుంచి 14.5 వరకు రావాలి. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పినట్టు, అది బ్యాటరీని ఉడికించేస్తుంది. నా బండిలో ఆ వేగం దగ్గర కూడా 12.7 మాత్రమే వచ్చింది. అంటే బ్యాటరీ తప్పేమీ లేదు, దానికి తిండే అందడం లేదు.

తిండి తయారవుతోందా లేదా అన్నది తరువాతి ప్రశ్న. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే తీగచుట్ల భాగమైన స్టేటరు నుంచి వచ్చే మూడు పసుపు వైర్లను రెగ్యులేటరు నుంచి ఊడదీసి, మీటరును ఏసీ వోల్టుల మీద ఉంచి, రెండేసి వైర్ల మధ్య కొలిచాను. అదే వేగంలో 58, 58, 59 వచ్చాయి. ఇక్కడ అంకె ఎంత పెద్దదన్న దానికంటే మూడూ సమానంగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక జత మిగతా రెండిటికంటే బాగా తక్కువ చూపిస్తే స్టేటరులోని తీగచుట్ట ఎక్కడో కాలిందని అనుమానించాలి. ఇంజను ఆపి, ఒక్కో పసుపు వైరుకూ ఇంజను బాడీకీ మధ్య ఏ సంబంధమూ లేదని కూడా చూసుకోవాలి. ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ వైర్లు తగిలించి రెగ్యులేటరు దగ్గరే, దాని ఎర్ర వైరుకూ దాని లోహపు ఒంటికీ మధ్య కొలిస్తే 14.3 వచ్చింది. అటువైపు 14.3, ఇటు బ్యాటరీ దగ్గర 12.7. మధ్యలో 1.6 వోల్టులు ఎక్కడో ఆవిరవుతున్నాయి.

చాలామంది పొరపడేదీ, నేను రెండేళ్లు పొరపడిందీ ఇక్కడే. అంతకు ముందు ఈ దారినంతా నేను చూడకపోలేదు. మీటరును బీప్ వచ్చే చోట ఉంచి, వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తగిలించి, బీప్ వినగానే ‘ఇది బాగుంది’ అనుకుంటూ ముందుకు పోయాను. కానీ చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల నిరోధం ఉన్నా బీప్ అంటాయి. ఆ పరీక్ష కోసం మీటరు వైరులోకి పంపే కరెంటు మహా అయితే ఒక మిల్లీయాంపు లెక్కన ఉంటుంది. లోపల ఇరవై పోగులకు పంతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా ఆ కాస్త కరెంటు సునాయాసంగా వెళ్లిపోతుంది. పూడుకుపోయిన కాలువలో చెంబుడు నీళ్లు పోస్తే అడ్డం లేకుండానే పారతాయి. తూము ఎత్తితేనే పూడిక సంగతి బయటపడుతుంది. పోనీ ఓముల్లోనే కొలుద్దామన్నా, మీటరు వైర్లకే 0.2 లేదా 0.3 ఓములు ఉంటాయి కాబట్టి అంతే పరిమాణంలో ఉన్న లోపాన్ని అది మింగేస్తుంది.

కనుక కరెంటు పారుతుండగానే కొలవాలి. ఇంజను నడుస్తూ, బ్యాటరీ ఛార్జ్ తీసుకుంటూ ఉండగా మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి, దాని వైర్ల కొసలకుండే రెండు ముళ్లలో ఒకదాన్ని రెగ్యులేటరు ఎర్ర వైరు మీద, రెండో ముల్లును బ్యాటరీ ధన ధ్రువం మీద పెట్టాను. ఒకే తీగకు రెండు కొసలు గనుక సున్నాకు దగ్గరగా రావాలి, 0.2 వరకు క్షమించవచ్చు. వచ్చింది 1.1. అలాగే రెగ్యులేటరు ఒంటికీ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య 0.5. రెండూ కలిపితే పోయిన 1.6 వోల్టులకు లెక్క సరిపోయింది. ఆ తరువాత పని చేపకు ముల్లు తీసినంత ఓపికతో చేయాలి: రెండో ముల్లును ఒక్కొక్క జాయింటూ వెనక్కి జరుపుతూ, అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో గమనించాలి. నాకు మెయిన్ ఫ్యూజు హోల్డరు దగ్గర 0.9 దొరికింది. ఫ్యూజు చక్కగానే ఉంది. దాన్ని పట్టుకునే ఇత్తడి క్లిప్పు వదులై, దాని మీద నల్లటి పొర కట్టి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడింది. ఆరు యాంపుల కరెంటు 0.9 వోల్టులను పోగొట్టుకుంటూ పోతే అక్కడ 5.4 వాట్ల వేడి పుడుతుంది; గోరంత చోటుకు అది తక్కువేమీ కాదు. సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు వైరు ఈ ఫ్యూజు గుండా పోదు కాబట్టే, చార్జరు పెట్టిన రోజున బండి ఏ జబ్బూ లేనట్టు నటించేది.

మిగిలిన అర వోల్టు ఎర్తుది. పాత బండ్లలో సగం రోగాలు అక్కడే ఉంటాయని నా అభిప్రాయం. కరెంటు ఎంత శ్రద్ధగా బల్బు దాకా వచ్చినా, తిరిగి బ్యాటరీకి చేరే దారి ఫ్రేము, బోల్టు, రింగు టెర్మినల్ గుండానే. వాటి మధ్య తుప్పు చేరుతుంది, రాగి మీద పచ్చటి చిలుము పేరుకుంటుంది. ముచ్చటపడి కొత్తగా పెయింటు వేయించిన బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే బోల్టు కింద కూడా పెయింటు పడుతుంది, అది కరెంటును పోనివ్వని చక్కటి బంధకం. బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మసకగా వెలగడం, హారన్ కొడితే వెనక లైటు కునుకు తీయడం వంటి వింతలు చూస్తే స్విచ్చుల జోలికి పోకుండా నేరుగా వెనక లైటు ఎర్తును చూడాలి. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బు ఇంట్లోంచి దారి చేసుకుంటోందన్న మాట.

హెడ్‌లైటు గుడ్డిగా ఉందని పెద్ద బల్బు వేసేవాళ్లను చూస్తుంటాను. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 యాంపులు లాగుతుంది. దారిలో మొత్తం 0.2 ఓముల చిలుము ఉంటే ఒక వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పెద్ద బల్బు ఇంకా ఎక్కువ కరెంటు లాగి ఆ నష్టాన్ని ఇంకా పెంచుతుంది.

వైరు రంగుల గురించి ఒక హెచ్చరిక. హోండాల్లో ఆకుపచ్చ వైరు ఎర్తు, నల్లది తాళం తిప్పాక కరెంటు వచ్చేది. యమహాల్లో నల్లదే ఎర్తు. సుజుకీల్లో నలుపు మీద తెల్ల చార ఉన్నది ఎర్తు. ఒక బండి అలవాటుతో మరో బండి నల్ల వైరును ఫ్రేముకు తగిలిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. 1960ల నాటి అనేక బ్రిటిష్ బండ్లలోనైతే బ్యాటరీ ధన ధ్రువమే ఎర్తు. అలవాటు కొద్దీ తిరగేసి బిగిస్తే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయరు కాలిపోవచ్చు.

ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయకూడదన్నది అందరికీ తెలిసిందే. ఫ్యూజు తరువాత ఫ్యూజు తగలేయకుండా షార్టును పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. ఫ్యూజు స్థానంలో దాని రెండు క్లిప్పులకు ఒక హెడ్‌లైటు బల్బును వైర్లతో తగిలించాలి. షార్టు ఉన్నంత సేపూ ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటును అదే అదుపులో ఉంచుతుంది గనుక మరేదీ కాలదు. ఇక తాపీగా ఒక్కొక్క కనెక్టరూ ఊడదీస్తూ, వైరింగు కట్టను అక్కడక్కడా కదుపుతూ పోవాలి. ఏది తాకినప్పుడు బల్బు ఆరిపోతుందో లేదా మసకబారుతుందో దోషం అక్కడుంది. ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు, కానీ తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం మాత్రం కనిపెట్టినంత.

ఉండీ లేనట్టుండే దోషాలు అన్నిటికంటే కష్టం. బండి కదులుతుంటే ఆగిపోతుంది, దిగి చూస్తే అంతా బాగుంటుంది. అలాంటప్పుడు నేను ముందుగా చూసేది హ్యాండిల్ మెడ దగ్గర. అక్కడ వైరింగు కట్ట ఇన్నేళ్లుగా ఎడమకూ కుడికీ వేల సార్లు వంగి ఉంటుంది, పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి పోగులు తెగిపోతాయి. ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. అనుమానం వచ్చిన వైరును మెల్లగా లాగితే, తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది.

ఫ్యూజు హోల్డరు మార్చి, ఎర్తు బోల్టు కింది పెయింటును గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, గ్రీజు రాసి బిగించాక బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. అప్పటి నుంచి చార్జరు అవసరం పడలేదు. కాని కొలవడం అలవాటైన చేయి ఊరుకోదు కదా, మొన్న స్పార్కు ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ దాకా వెళ్లింది. బ్యాటరీలో 12.4 ఉండగా కాయిల్‌కు చేరుతున్నది 10.9. తాళం స్విచ్చులో 0.9, ఇంజను ఆపే కిల్ స్విచ్చులో 0.4, కనెక్టర్లలో మిగతా 0.2. పాత వైరు ఒక రిలేను, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చును, మాత్రమే కదిలించేలా చేసి, కాయిల్‌కు బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజుతో నేరుగా కరెంటు ఇవ్వాలనుకుంటున్నాను. రిలే తెచ్చి నెల అయింది. సీటు కింద దాన్ని ఎక్కడ బిగించాలన్నదే ఇంకా తేలలేదు.