డబ్బా వెనకాలే బీర్‌గంజ్ దాకా

మా ఆవిడకి పశుపతినాథుడు, నాకు బీర్‌గంజ్. 2025 ఫిబ్రవరిలో మేం నేపాల్ బయల్దేరడానికి కారణాలు ఈ రెండే. బంధువులకి మొదటిదే చెప్పాం. రెండోది చెప్తే నవ్వుతారు.

విశాఖలో ఒక క్లియరింగ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. చివరి ఏడేళ్లూ నా బల్ల మీదకొచ్చిన కాగితాల్లో సగానికి గమ్యం నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్. ఆ పేరు కొన్ని వేలసార్లు టైపు చేసుంటాను. ఊరు మాత్రం చూడలేదు. నేపాల్‌కి సముద్రం లేదు కదా. ఓడలో వచ్చే సరుకేదైనా మన రేవుల్లో దిగి, సీలుతో రైలెక్కి, మన దేశం మీదుగా సాగి ఆ ఊరు చేరాలి. మొదట్నించీ వాళ్ళ రేవు కోల్‌కతాయే. అక్కణ్ణించి బీర్‌గంజ్ 700 కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ నుంచి దాదాపు రెండింతలు, 1,400. అయినా మా దగ్గరికి ఎందుకొస్తారంటే, కోల్‌కతాది నది మీది రేవు. హుగ్లీలో లోతు చాలక పెద్ద ఓడలు రాలేవు. సింగపూర్‌లోనో కొలంబోలోనో సరుకు చిన్న ఓడలోకి మార్చాలి. విశాఖలో పెద్ద ఓడ నేరుగా వచ్చి ఆగుతుంది.

బయల్దేరే ముందురోజు, ఇప్పుడు నా సీట్లో కూర్చుంటున్న కుర్రాడు ఓ కంటైనర్ నంబరు చీటీ మీద రాసిచ్చాడు. "గురువుగారూ, ఈ డబ్బా నిన్ననే రైలెక్కింది. మీరు ముందెళ్తారో అది ముందెళ్తుందో చూద్దాం" అన్నాడు. చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ దాన్ని ఓసారి చూసి, "దీనికీ దర్శనం చేయిస్తారా ఏంటి?" అంది.

హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారేసరికి బయట పొగమంచు, ఆవపంట. మోతిహారిలో టీ తాగాం. స్టేషన్ పేరు బాపూధామ్ మోతిహారి, గాంధీగారి చంపారన్ ఇదే. నాకు మాత్రం ఆ పేరు వినగానే గొట్టం గుర్తొస్తుంది. ఇక్కడ మొదలై నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల డీజిల్ పైప్‌లైన్ ఉంది. 2019 సెప్టెంబరు 10న మొదలైంది. దక్షిణాసియాలో దేశ సరిహద్దు దాటిన మొదటి చమురు గొట్టం ఇదే. అంతకుముందు నలభై ఏళ్లకి పైగా అదంతా ట్యాంకర్ లారీల్లో వెళ్లేది. తర్వాత సుగౌలీ. 1816లో ఈ ఊరిపేరు మీద కుదిరిన సంధే నేపాల్ సరిహద్దు గీసింది. ప్లాట్‌ఫారం మీద మాత్రం ఆ ఛాయలేమీ లేవు, ఓ మేక తప్ప.

సరిహద్దుకి ఇవతల మన చివరి ఊరు రక్సౌల్. దిగ్గానే దుమ్ము. ఇంటి నుంచి తెచ్చుకున్నవన్నీ ఐదువందల నోట్లే. అప్పట్లో నేపాల్‌లో వందకి మించిన మన నోట్లు చెల్లేవి కావని ముప్ఫై ఏళ్ల ఎగుమతి దిగుమతుల అనుభవం ఉన్న నాకు గుర్తుండొద్దూ! పాన్ షాపువాడు కమీషన్ పట్టుకుని వందలిచ్చాడు. పక్కన చేపల కొట్టులో "ఆంధ్రా మచ్ఛీ" అని అరుస్తున్నారు. ఐసు పెట్టెల మీద తెలుగు అక్షరాలు కనబడ్డాయి. కొల్లేటి పక్క చెరువుల బొచ్చె, రవ్వ నాకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చున్నాయి. మేం ఆంధ్రా అని చెప్పగానే అతను నవ్వి, "అయితే మీ ఊరి సరుకే, తీసుకోండి" అన్నాడు. రైలు ప్రయాణంలో పచ్చి చేప కొని ఏం చేసుకుంటాం! లిట్టీ తిని ఈ-రిక్షా ఎక్కాం.

మనుషులు దాటేది పాత దారిలో. సిర్సియా నది మీద వంతెన, దాని అవతల శంకరాచార్య ద్వారం. నది అనడం మర్యాద కోసం. పైనున్న ఫ్యాక్టరీల పుణ్యమా అని నీళ్లు నల్లగా ఉంటాయి. ఒక జవాను మా ఆధార్ కార్డుల వంక కూడా సరిగ్గా చూడలేదు. 1950 నాటి ఒప్పందం పుణ్యం, మనవాళ్లకీ వాళ్లకీ పాస్‌పోర్టుల గొడవ లేదు. కూరగాయల బుట్టతో ఓ ముసలామె, పెళ్లి బట్టలతో ఓ కుటుంబం, సైకిల్ మీద స్కూలు పిల్లలు, అందరూ వీధి దాటినట్టు దేశం దాటుతున్నారు. అవతల అడుగుపెట్టగానే గడియారం పావుగంట ముందుకి తిప్పాలి, వాళ్ళ విక్రమ సంవత్ లెక్కలో సంవత్సరం అప్పటికి 2081 అయిపోతుంది. మన వంద వాళ్ళ నూట అరవై. 1993 నుంచీ లెక్క అదే.

సరుకు దారి వేరు. లారీల కోసం కట్టిన పెద్ద చెక్‌పోస్టు పక్కనుంది. బీర్‌గంజ్ వైపుదాన్ని 2018 ఏప్రిల్‌లో రెండు దేశాల ప్రధానులూ ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో కూర్చుని బటన్ నొక్కి తెరిచారు. నిజాం కట్టించుకున్న మేడలోంచి నేపాల్ సరిహద్దు తెరుచుకుందన్నమాట. ఆ దారిన వరసగా లారీలు. బిహారీ డ్రైవరొకాయన టైరుకి ఆనుకుని రొట్టెలు కాలుస్తున్నాడు. మూడో రోజట. సరుకుదారుడి బ్యాంకు కాగితమేదో రాలేదట. "వాళ్ళకి శనివారం సెలవు, మనకి ఆదివారం. శుక్రవారం సాయంత్రం వచ్చినవాడి గతి ఇంతే" అన్నాడు. ఈ సంగతి నేను ఏడేళ్లు ఫోన్లో విన్నదే. రొట్టె కాల్చుకుంటున్న మనిషి నోట వింటే వేరుగా ఉంది.

బీర్‌గంజ్‌లో మాకు ఫోన్లో మాత్రమే తెలిసిన ఒక మార్వాడీ ఏజెంటుగారున్నారు. గొంతునిబట్టి లావుపాటి మనిషనుకున్నాను, బక్కగా ఉన్నారు. ఆయనే సిర్సియా డ్రై పోర్టుకి, అంటే సముద్రం లేనిచోట కట్టిన రేవుకి, తీసుకెళ్లారు. రక్సౌల్ నుంచి ఐదారు కిలోమీటర్ల రైలు పట్టా లోపలికొస్తుంది. ప్రపంచ బ్యాంకు సాయంతో కట్టారు, 2004 నుంచి నడుస్తోంది. క్రేన్లు, పట్టాలు, రంగురంగుల డబ్బాలు, పావురాలు. సముద్రం ఒక్కటి తప్ప అన్నీ మా విశాఖలాగే ఉన్నాయి. కాసేపు అలవాటుగా ఉప్పుగాలి కోసం చూశాను.

"మీ నంబరు చెప్పండి" అని ఏజెంటుగారు ఫోను తీశారు. ఈ మధ్య ఒక్కో డబ్బాకీ ఎలక్ట్రానిక్ తాళం వేస్తున్నారు, లోపల జీపీఎస్ ఉంటుంది. దారిలో ఎవరైనా ముట్టుకుంటే కస్టమ్స్‌వాళ్లకి తెలిసిపోతుంది. మునుపు ప్రతి సరుకుకీ ట్రాన్సిట్ డిక్లరేషన్లు, బాండ్లు, ఇన్సూరెన్సులు, స్టాంపులు. నా వేళ్లు అరిగింది వాటి మీదే. మన డబ్బా ఇంకా ముజఫర్‌పూర్ అవతలే ఉందని ఫోను చెప్పింది. అంటే మేమే గెలిచాం.

ఆయన టీ తాగిస్తూ అసలు బాధ చెప్పారు. "వచ్చేటప్పుడు రైలు నిండుగా వస్తుంది, పోయేటప్పుడు డొల్లగా పోతుంది. మా దగ్గర ఓడెక్కించేంత సరుకేది? తివాచీలు, యాలకులు, టీ ఆకు. ఖాళీ డబ్బా వెనక్కి మోసే ఖర్చు కూడా మా ఉప్పు పప్పుల మీదే పడుతుంది." అని నవ్వుతూనే ఇంకోటి చెప్పారు. ఈ మధ్య నేపాల్ నుంచి మన దేశానికి ఎక్కువగా ఎగుమతవుతున్నది సోయా నూనె! నేపాల్‌లో సోయా పండేదెంత? ముడి నూనె ఎక్కడో సముద్రాల అవతల కొని, మన రేవులో దింపి, మన రైళ్ల మీదుగా తెచ్చుకుని, ఇక్కడ శుద్ధి చేసి, దక్షిణాసియా దేశాల ఒప్పందం కింద సుంకం లేకుండా మళ్లీ మనకే అమ్ముతారు. 2024 సెప్టెంబరులో మనవాళ్లు వంటనూనెల మీద సుంకం పెంచాక ఇది మరీ ఊపందుకుంది. మన వీధి చివరి కొట్టుకి వెళ్లి తేవాల్సిన నూనెని హిమాలయం దాకా పంపి తెప్పించుకుంటున్నాం. ప్రాంతీయ సహకారం అంటే మా ఆఫీసులో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఈ తమాషా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సుమోలో ఖాట్మండు. ఈ దారిలో పెద్ద లారీలు పట్టవు, అవి ముగ్లింగ్ చుట్టూ తిరిగి పోతాయి. గంట తర్వాత అమ్లేఖ్‌గంజ్ వచ్చింది. చిన్న ఊరు, పక్కన చమురు ట్యాంకులు. మోతిహారిలో భూమిలోకి దూరిన గొట్టం ఇక్కడ తేలుతుంది. 1927లో రక్సౌల్ నుంచి వేసిన చిన్న రైలు కూడా సరిగ్గా ఈ ఊళ్ళోనే ఆగిపోయేది. 1965కల్లా మూతపడింది. ఇక్కణ్ణించి పైకి కొండలు. నేపాల్‌ని ఏలిన రాణాల కాలంలో వాళ్ళ మోటారు కార్లని కూలీలు భుజాల మీద మోసి ఖాట్మండు చేర్చారు. మేం వెళ్తున్నది ఆ భీమ్‌ఫేదీ దారే. మా ఆవిడ కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకుంది. నేను లోయ వైపు చూడకుండా, ఈ కొండలోకి రైలు ఎక్కించాలంటున్నవాళ్ల ధైర్యం గురించి ఆలోచించాను. రక్సౌల్–ఖాట్మండు మార్గం 2018లో ప్రకటించారు, మన కొంకణ్ రైల్వే సర్వే చేసింది. కొంకణ్‌లో కొండలు తొలిచినవాళ్లు కాబట్టి ఆశ ఉంది.

పశుపతినాథ్ దర్శనం బాగా జరిగింది. శివరాత్రికి రెండు వారాల ముందు కాబట్టి తోపులాట లేదు. ఇక్కడి ప్రధాన పూజారులు, మూలభట్టులు, తరతరాలుగా కర్ణాటక నుంచి వచ్చినవాళ్లే. రవాణా ఒప్పందాలేవీ లేనినాడే దక్షిణాది నుంచి ఇంతదూరం దారి పడింది.

సాయంత్రం థమేల్ వైపు నడుస్తుంటే దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సచివాలయం కనబడింది. శుభ్రమైన భవనం, ఎదుట జెండాలు, గేటు దగ్గర నిద్రమొహంతో కాపలాదారు. 2014 నవంబరులో ఈ ఊళ్ళోనే జరిగిన 18వ శిఖరాగ్ర సభ తర్వాత మళ్లీ సభ లేదు. ఆ సభలో మోటారు వాహనాల ఒప్పందం కుదరలేదు, కరెంటు సహకార ఒప్పందం కుదిరింది. వాహనాల సంగతి మరుసటి ఏడాది జూన్‌లో థింఫూలో నాలుగు దేశాలే రాసుకున్నాయి. తమ ఇరుకు కొండదారుల్లోకి బయటి లారీలు వస్తాయన్న భయంతో భూటాన్ ఎగువసభ దాన్ని ఒప్పుకోలేదు. తప్పేముంది, ఆ భయం నాకు సుమోలో అర్థమైంది. ఇక కరెంటు మాత్రం ఆగలేదు. 2024 నవంబరులో నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. ఒప్పందం ప్రకారం అది ఏటా వానాకాలంలోనే. చలికాలంలో నదులు చిక్కిపోతే వీళ్ళే మన దగ్గర కొనుక్కుంటారు. లాడ్జి యజమాని ఒకప్పుడు రోజుకి పదహారు గంటలు కరెంటు లేని రోజుల గురించి చెప్తూ, హీటర్ వేసి, "ఇవాళ ఇది మీదే" అన్నాడు. డ్రైవరు లేనివి సరిహద్దు దాటుతున్నాయి, డ్రైవరు ఉన్నవి రొట్టెలు కాల్చుకుంటున్నాయి.

ఆయనే 2015 శీతాకాలం సంగతీ చెప్పాడు. భూకంపం వచ్చిన ఏడాదే సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. గ్యాసు లేదు, కట్టెల మీద వంట, నాలుగైదు నెలలు. ఎవరిది తప్పని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా ఆఫీసులో బీర్‌గంజ్ కాగితాలు పుట్టిందే ఆ తర్వాత. 2016 ఫిబ్రవరిలో విశాఖని వాళ్ళకి రేవుగా ఇస్తూ లేఖలు మార్చుకున్నారు. మర్నెలలోనే వాళ్ళు చైనాతో కూడా రవాణా ఒప్పందం చేసుకున్నారు. ఒకే తలుపున్న ఇంటివాడు ఇంకో తలుపు వెతుక్కోకుండా ఎలా ఉంటాడు? ఆ ఉత్తరం తలుపూ గట్టిదేం కాదు. మేం తిరిగొచ్చిన అయిదు నెలలకి, జులైలో, వరద వచ్చి చైనా సరిహద్దు మీది రసువాగఢీ వంతెన కొట్టుకుపోయింది.

వెనక్కొచ్చి చివరి రాత్రి బీర్‌గంజ్‌లో పడుకున్నాం. పొద్దున్నే వంతెన దాటి రక్సౌల్ రైల్వే గేటు దగ్గర ఇరుక్కుపోయాం. గేటు పడింది. ముందు ఎడ్లబండి, వెనక లారీ, మధ్యలో మా ఈ-రిక్షా. మెల్లగా ఒక గూడ్సు రైలు వస్తోంది, అన్నీ కంటైనర్లే. చప్పుడునిబట్టి ఖాళీవని తెలిసిపోతుంది. మా ఆవిడ ముందుకి వంగి నంబర్లు పైకి చదవడం మొదలెట్టింది. చీటీ నా జేబులోనే ఉంది, తీసింది కూడా లేదు. ఆవిడకి ఎప్పుడు కంఠతా వచ్చిందో!

అప్పుడే ఫోను మోగింది. విశాఖ కుర్రాడు. "గురువుగారూ, మన డబ్బా రాత్రి బీర్‌గంజ్ చేరింది, చూశారా?"

నా గడియారం ప్రకారం మా బండికి ఇంకా రెండూ ముప్పావు గంటలుంది. గడియారం ఇంకా నేపాల్ టైములోనే ఉంది, అంటే మూడు గంటలు. అటు చూస్తే గేటు ఇంకా లేవలేదు. నేను లెక్కలు వేస్తుండగానే మా ఆవిడ తన హిందీలో ఈ-రిక్షా అతనికి చెప్పేసింది, బండి వెనక్కి తిప్పమని.