తెగిన గీత ఎవరి వైపు

పదకొండున్నరైంది. అందరూ పడుకున్నారు. నేను కళ్ళు మూస్తే మాత్రం రోడ్డు మధ్యలో పసుపు గీతలే కనపడుతున్నాయి, అందుకే ఇది టైపు చేస్తున్నా.

ఇవాళ మలికిపురం ఫంక్షన్‌కి నేనే నడుపుతానన్నాను. ఎల్ఎల్ఆర్, అదే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, తీసుకుని రెండు నెలలు దాటింది, ఆరు నెలలే కదా దాని ఆయుష్షు, ఇలా భయపడుతూ కూర్చుంటే మళ్ళీ తీసుకోవాల్సి వస్తుంది. వెళ్ళేటప్పుడు బానే వెళ్ళాం, బోడసకుర్రు వంతెన మీద చేతులు చెమటలు పట్టాయి అంతే. గొడవంతా వచ్చేటప్పుడే. తాటిపాక దాటాక ఎదర కొబ్బరికాయల ట్రాక్టరు, ఇరవై స్పీడు, వెనకాల తెల్లకారువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. మధ్యలో చూస్తే రెండు పసుపు గీతలు. రెండు గీతలుంటే అక్కడ గోడుందనుకోండమ్మా అని డ్రైవింగ్ స్కూలు సారు మొదటిరోజే చెప్పాడు, నేను దాటలేదు. ఈయనేమో "దాటెయ్యవే, ఎదర ఖాళీయేగా" అని చెయ్యి ఊపడం. "డబుల్ లైనండీ" అంటే "అవన్నీ లైసెన్సు పరీక్షకి, ఇక్కడ కాదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మూడు కిలోమీటర్లు ఆ పీచు వాసన పీలుస్తూ ట్రాక్టరు వెనకాలే వచ్చాను, పంతానికి.

అసలు ఈ ఊళ్ళో గీతని గీతగా చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మొన్న రావులపాలెం దగ్గర హైవే మీద కూడా ఇదే. అటు రెండు లైన్లు ఇటు రెండు లైన్లు, ఎడంపక్కది మామూలుగా వెళ్ళడానికి, డివైడర్ పక్కది ముందువాణ్ణి దాటడానికి, దాటాక మళ్ళీ ఎడంకి వచ్చెయ్యాలి. లోడు లారీలన్నీ డివైడర్‌ని కావిలించుకుని వెళ్తాయి, ఇక కార్లన్నీ ఎడంపక్క నుంచి దూరతాయి. నాలాంటి కొత్తవాళ్ళు ఎటు చూడాలి, చెప్పండి.

దీనికి తోడు ఫంక్షన్‌లో సఖినేటిపల్లి వాళ్ళు కలిశారేమో, గోదారి దాటించే పంటు, అదే బల్లకట్టులాంటి పడవ, గుర్తొస్తోంది. చిన్నప్పుడు నరసాపురం అమ్మమ్మ గారింటికి ఆ రేవులోనే దాటేవాళ్ళం. పంటు మీద ఒక్క గీత ఉండేది కాదు, అయినా ఎవరి చోటు వాళ్ళదే. కారు వస్తే మధ్యలో, సైకిళ్ళు అంచున, చేపల బుట్టలవాళ్ళు ఓ మూల. తువ్వాలు భుజాన వేసుకుని ఒకాయన చేత్తోనే చూపించేవాడు, నువ్విటు, నువ్వటు అని. ఓసారి నాన్న స్కూటర్ తనకి నచ్చినచోట స్టాండేశారు. "మేష్టారూ, ఆ పక్కకండీ" అన్నాడాయన. నాన్న వినలేదు, హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, బరువుల సంగతి నాకు చెప్తావా అన్నారు. ఆయన కోప్పడలేదు. "ఒకపక్కే బరువైపోతే గోదారికి మీరు మేష్టారని తెలీదు కదండీ" అన్నాడు. పంటు మొత్తం నవ్వింది. నాన్న స్కూటర్ తీసి జరిపారు, అవతలి రేవు దాకా మాట్లాడలేదు. తీరా అమ్మమ్మ ఇంట్లో అన్నం తింటూ, పంటు మీద బరువు ఎలా సర్దాలో ఆ మనిషికి తనే చెప్పినట్టు చెప్పుకొచ్చారు! అమ్మ నావైపు చూసి కళ్ళతోనే ఊరుకోమంది.

సరే, అసలు సంగతి. ఇందాక చిన్నది వెనకసీట్లో నుంచి తీసిన వీడియో చూపించింది, అమ్మ డ్రైవింగ్ అని. చీకటి పడేవేళ కదా, లైట్ల వెలుగుకి గీతలు భలే మెరుస్తున్నాయి, రంగులో సన్నటి గాజుపూసలు కలుపుతారట అందుకని. ఆ మెరుపులో చూశాను. రెండు గీతలే, కాదన్ను. అవతలిది నిండు గీత, నా వైపుది తెగి తెగి ఉంది. అలా ఉంటే తెగిన గీత ఎవరి వైపుంటే వాళ్ళు ఎదర ఏమీ రానప్పుడు దాటొచ్చు, నిండు గీత వైపువాళ్ళు దాటకూడదు. రెండూ నిండుగా ఉంటేనే ఎవ్వరూ దాటకూడదు. సారు చెప్పిన గోడ అదన్నమాట. అంటే అక్కడ దాటొచ్చు. ఈయన చెప్పింది కరెక్టే. కానీ ఈయన గీత చూసి చెప్పలేదుగా, ఖాళీ చూసి చెప్పారు. అది కరెక్టు కిందకి వస్తుందా? వస్తుందేమోలే.

ఇంకో ఘోరం. అదే వీడియోలో ఇంకాస్త ముందుకెళ్తే దాళ్వా (రెండో పంట) ధాన్యం ఆరబోసిన చోటు. అంచు తెల్లగీత దాటి మా లైనులో సగం దాకా బరకాలు, చుట్టూ రాళ్ళు. అక్కడ మధ్యలో ఉన్నది నిండు గీత, ఒక్క చోట కూడా తెగలేదు. నేను దాని మీద నుంచే కారు పోనిచ్చాను, ఇండికేటర్ కూడా వెయ్యలేదు. ధాన్యం తొక్కలేం కదా, నిజమే, కానీ ఆగి, ఎదర చూసి వెళ్ళాలిగా. అప్పటికి కోపంలో ఉన్నా, గీతే చూడలేదు. దాటొచ్చన్న చోట మూడు కిలోమీటర్లు బిగుసుకుని కూర్చున్న మనిషిని.

చిన్నది ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసిందట. అత్తయ్యగారు అప్పుడే దణ్ణం బొమ్మ పెట్టారు. ఈయన ఇంకా చూడలేదు, చూసినా గీత దాకా చూడరు లెండి.