ఓబీసీ అంటే అది కాదు మామయ్యా

పోయిన అక్టోబర్లో అక్కావాళ్లింటికి అమెరికా వెళ్లాను. ఇల్లు జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం, సందు మలుపు తిరిగితే దోసెల వాసన. మూడు వారాలున్నాను. నయాగరా చూశాను, లిబర్టీ విగ్రహం చూశాను, వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నా.

మా మేనకోడలు అక్కడే కాలేజీలో చదువుతోంది. వెళ్లిన రెండో రోజు రాత్రి గిన్నెలు కడుగుతూ ఏదో పాడుతోంది. పాట అనాలో మరేమనాలో, ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషులో దండకం చదువుతున్నట్టుంది. ఏంటే అదంటే ‘హామిల్టన్’ అంది, న్యూయార్క్‌లో ఆడే పాటల నాటకమట. 46 ట్రాకులు, రెండు గంటల పైచిలుకు, అంతా నోటికొచ్చట. ఎన్నిసార్లు చూశావే అన్నాను. థియేటర్లో ఒక్కసారి కూడా చూడలేదంది. టికెట్టు ఖరీదు చెప్పింది, నేను మనసులో రూపాయల్లోకి మార్చుకుని కాసేపు నోరెత్తలేదు.

"మరి ఎలా వచ్చే?"

"ఓబీసీ వినేదాన్ని మామయ్యా, ఎనిమిదో క్లాసు నుంచి."

నాకు ఓబీసీ అనగానే ఎమ్మార్వో ఆఫీసు, సర్టిఫికెట్టు, జిరాక్సు కాపీలు గుర్తొచ్చాయి. నా మొహం చూసి అది పడీ పడీ నవ్వింది. ఒరిజినల్ బ్రాడ్‌వే క్యాస్ట్ అట, బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు. నాటకం మొదట ఆడినప్పుడు వేషాలు కట్టినవాళ్ల చేతే, ఆ వాద్యగాళ్లతోనే స్టూడియోలో పాడించి అమ్మే రికార్డింగు. లండన్‌లో ఆడినవాళ్లది వేరే, కొన్నేళ్ల తర్వాత మళ్లీ వేసినవాళ్లది వేరే. ఏది గొప్పదని అభిమానులు కొట్టుకు చస్తారట.

అప్పుడు నేను నవ్వడం మానేశాను. ఎందుకంటే నాదీ అదే కథ. తెనాలిలో మా తాతయ్య దగ్గర గ్రామఫోనూ, అట్టపెట్టె నిండా నాటకం ప్లేట్లూ ఉండేవి. రాయబారం సీను నాకు నోటికొచ్చు. అందులో కృష్ణుడి వేషం కట్టినాయన్ని స్టేజీ మీద నేనెప్పుడూ చూడలేదు, ఫొటో కూడా చూడలేదు, అయినా ఆ గొంతు ఇప్పటికీ గుర్తుపడతాను.

శనివారం ఇద్దరం న్యూయార్క్ వెళ్లే పాత్ ట్రెయినెక్కి 33వ వీధిలో దిగి, టైమ్స్ స్క్వేర్ దాకా నడిచాం. అక్కడ ఎర్రమెట్ల కింద ఆ రోజు ఆటలకి టికెట్లు తగ్గింపు ధరకి అమ్మే కౌంటర్లున్నాయి, టీకేటీఎస్ అంటారు. గంటన్నర నిలబడ్డాం. మేమనుకున్న ఆట పేరు, మా ముందు ఓ పదిమంది ఉన్నారనగా, బోర్డు మీంచి మాయమైంది. తిరుమల క్యూలో నిలబడ్డవాళ్లకి ఇదేం కొత్త కాదు గానీ, చలి మాత్రం కొత్త. ఇంకేదైనా చూద్దామా అంది, నాకు ఓపిక లేదు. "అయితే పద, ఫ్రీగా ఇంకో చోటు చూపిస్తా" అని 66వ వీధికి లాక్కెళ్లింది. దారిలో 53వ వీధి మూల బ్రాడ్‌వే థియేటర్ చూపించింది. 2004లో రెహమాన్ ‘బాంబే డ్రీమ్స్’ ఆడింది అందులోనే. దాని లండన్ రికార్డింగు 2002లోనే వచ్చింది, మా ఇంట్లో ఆ సీడీ ఇప్పటికీ ఉంది. అదీ ఓ క్యాస్ట్ రికార్డింగేనని ఇన్నేళ్లకి, ఆ ఫుట్‌పాత్ మీద తెలిసింది.

66వ వీధిలో ఆ చోటంటే లింకన్ సెంటర్ పక్కనున్న కళల లైబ్రరీ, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీదే. లోపలికి వెళ్లడానికి పైసా ఇవ్వక్కర్లేదు. పాత ధ్వని రికార్డులన్నిటికీ పాటల నాటకాలు రాసిన జంట రోడ్జర్స్, హ్యామర్‌స్టీన్ పేరు మీద ఒక విభాగమే ఉంది. ఇంకో విభాగంలో 1970 నుంచి నాటకాల్ని థియేటర్లో ఆడుతుండగా వీడియో తీసి దాస్తున్నారు. అవి ఇంటికివ్వరు, ఫోనులో దొరకవు, పని ఉన్నవాళ్లు ముందే అడిగి అక్కడే కూర్చుని చూడాలి. సురభి వాళ్ల నాటకాలు నా చిన్నప్పుడు ఎన్ని చూశానో, వాటిలో ఎన్ని ఇలా ఎక్కడైనా భద్రంగా ఉన్నాయోనని దిగులేసింది. సరే, దిగులు పడితే అయ్యే పని కాదు.

అక్కణ్ణుంచి ఓ పాత రికార్డుల షాపుకి. ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇరుకు షాపు, పాత అట్టల వాసన, గోడ వారన ఓ పుస్తకం లాంటిది. నిజంగానే పుస్తకం, బైండు కట్టి ఉంది, తెరిస్తే కాగితాల బదులు ఆరు కవర్లు, ఒక్కో కవర్లో ఒక ప్లేటు. డెక్కా రికార్డుల కంపెనీ 1943లో తెచ్చిన ‘ఓక్లహోమా!’ నాటకం పాటలు. రికార్డుల్ని ఆల్బమ్ అని ఎందుకంటారో నాకు యాభై దాటాక, దాన్ని చేత్తో పట్టుకున్నాక అర్థమైంది. ఫొటోల ఆల్బమ్ లాగే తిప్పాలి. నల్లటి ప్లేటు, పది అంగుళాలు, బరువు, కిందపడితే అప్పడం ముక్కలే.

షాపాయన మాటకారి. మా మేనకోడలు ఇదే మొదటి క్యాస్ట్ ఆల్బమ్ అనగానే ఆయన అడ్డొచ్చాడు. ‘ద క్రేడిల్ విల్ రాక్’ నాటకం ప్లేట్లు 1938లోనే వచ్చాయి కదా అన్నాడు. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు, నాకైతే అరుగు మీద పీసపాటి గొప్పా షణ్ముఖి గొప్పా అని కొట్టుకునే మా ఊరి పెద్దాళ్లు కనిపించారు. తేలిందేమిటంటే మొదటిది కాకపోవచ్చు గానీ జనానికి అలవాటు చేసింది ఇదే. దాని వెనక కథ కూడా బాగుంది. 1942 ఆగస్టు నుంచి అమెరికాలో వాద్యకారుల యూనియన్ రికార్డింగుల్ని ఆపేసింది. ‘ఓక్లహోమా!’ 1943 మార్చి 31న మొదలైంది, ఊరంతా ఆ పాటలే, కొనుక్కుందామంటే ప్లేటు లేదు. సెప్టెంబర్లో డెక్కా యూనియన్‌తో రాజీ పడి, స్టేజీ మీద పాడేవాళ్లనే స్టూడియోకి పిలిపించింది. అంతకుముందు అలవాటేమిటంటే నాటకంలో హిట్టయిన పాటని పేరున్న గాయకుడెవరితోనో పాడించి వదలడం. ఈ సెట్టు మాత్రం పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. తర్వాత 1948లో ఎక్కువసేపు పాడే లాంగ్ ప్లే రికార్డు వచ్చాక, మాటిమాటికీ ఆగి ప్లేటు తిప్పే గొడవ తగ్గి, 1949 నాటి ‘సౌత్ పసిఫిక్’ రికార్డు ఆల్బమ్‌ల జాబితాలో 69 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

నేను కొన్నది మూడు డాలర్ల డబ్బాలోది, ‘మై ఫెయిర్ లేడీ’, 1956. మన ఇళ్లలో సుప్రభాతం క్యాసెట్టు లాగా అక్కడ ప్రతి ఇంటి అటక మీదా ఒకటి ఉంటుందట, అందుకే ఆ చవక. అట్ట మీద హర్ష్‌ఫెల్డ్ అనే కార్టూనిస్టు గీసిన బొమ్మ చూసి కొన్నాను. మబ్బు మీద మూలకథ రాసిన గడ్డం బెర్నార్డ్ షా కూర్చుని, దారాలు పట్టుకుని కింద కథానాయకుడు హిగ్గిన్స్‌ని ఆడిస్తుంటాడు, ఆ హిగ్గిన్స్ చేతిలో మళ్లీ దారాలు, వాటి చివర నాయిక ఎలైజా. బొమ్మలాటలో బొమ్మ చేతిలో ఇంకో బొమ్మ. అన్నట్టు ఆ నాటకానికి పెట్టుబడి మొత్తం సీబీఎస్ అనే రేడియో, టీవీ కంపెనీ వాళ్లది, కొలంబియా రికార్డ్స్ కూడా వాళ్లదే. నాటకం పోయినా రికార్డు మిగులుతుందని లెక్క వేసుకుని ఉంటారు, నాటకమూ పోలేదు.

దాన్ని రికార్డు చేసిన చోటు చూడాలన్నాను. మేనకోడలు అక్కడేం లేదు మామయ్యా అంటూనే తీసుకెళ్లింది. తూర్పు 30వ వీధి, 207వ నంబరు. ఒకప్పుడు చర్చి, తర్వాత కొలంబియా స్టూడియో, 1981లో మూసేశారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. నిజంగానే ఏం లేదు. కుక్కని తిప్పుతున్న ఒకావిడ మమ్మల్ని అనుమానంగా చూసి వెళ్లింది. అయినా నేను పది నిమిషాలు నిలబడ్డాను, ఎందుకంటే ముందు రాత్రి ల్యాప్‌టాప్‌లో పిల్ల నాకు పెన్నెబేకర్ అనే దర్శకుడు తీసిన డాక్యుమెంటరీ చూపించింది. 1970లో సోండ్‌హైమ్ పాటలు కట్టిన ‘కంపెనీ’ అనే నాటకాన్ని ఈ స్టూడియోలోనే రికార్డు చేసినప్పటిది. ఒక రోజు రికార్డింగుకి నటులకి ఒక వారం జీతం ఇవ్వాలని యూనియన్ నియమం, కాబట్టి ఉన్నదంతా ఆ ఒక్కరోజులోనే ఊడ్చేయాలి. తెల్లవారుజామున ఎలైన్ స్ట్రిచ్ అనే నటి తన పాట పాడుతుంది, పాడుతుంది, గొంతు సహకరించదు, తన మీద తనకే కోపం. చివరికి వాద్యాలు మాత్రం ఎక్కించుకుని పంపేస్తారు. ఇంకో రోజు వచ్చి, చక్కగా తయారై, ఏమీ జరగనట్టు పాడి పారేస్తుంది.

ఇక్కడే మా ఇద్దరికీ పేచీ. రికార్డులో ఉన్నదే అసలు నాటకమని దాని వాదన. అది నాటకం కాదే, నాటకానికి తీయించుకున్న స్టూడియో ఫొటో అని నేను. నిజమైన స్టేజీ మీద చచ్చిపోయిన పాత్రని కూడా వన్స్‌మోర్ కొట్టి లేపి పద్యం పాడించినవాళ్లం మనం, ఆ మజా ప్లేటులో ఎక్కడొస్తుంది? అప్పుడు అదే ఒప్పుకుంది, ‘హామిల్టన్’లో లారెన్స్ అనే పాత్ర చనిపోయిన కబురొచ్చే చిన్న దృశ్యాన్ని, ఆ నాటకం రాసిన మిరాండా కావాలనే ఆల్బమ్‌లో పెట్టలేదట, థియేటర్‌కి వచ్చినవాళ్ల కోసం దాచాడట. అది తనకి 2020లో వీడియో విడుదలయ్యేదాకా తెలీదు. "ఎన్నో ఏళ్లు నాకు అంతా వచ్చనుకున్నా మామయ్యా" అంది, కొంచెం ఉక్రోషంగా.

మూడో వారంలో గెర్ష్విన్ థియేటర్లో ‘వికెడ్’ చూశాం, 2003 నుంచి అక్కడే ఆడుతోంది. బాగుంది. పక్క సీటామె ప్రతి పాటకీ పెదాలు కదుపుతూనే ఉంది.

బయల్దేరే ముందు రాత్రి మేనకోడలి చిన్న ప్లేయర్ మీద నా మూడు డాలర్ల రికార్డు పెట్టాం. హిగ్గిన్స్ వేషం కట్టిన రెక్స్ హ్యారిసన్ పాడడు, తాళానికి మాట్లాడతాడు. రాగం తీయకుండా ఇలా కూడా నెట్టుకురావచ్చా అనిపించింది నాకు. అక్క వంటింట్లోంచి వచ్చి, తాతయ్య ప్లేట్లలాగే గరగరలాడుతోందిరా అంది. అయితే నీది పాడు మామయ్యా అని పిల్ల పట్టుపట్టింది. సరేనని రాయబారం ఎత్తుకున్నాను. దుర్యోధనుడి మాట పూర్తి చేశాను, కృష్ణుడు జవాబు చెప్పాలి. ఆగాను. అక్క కూడా ఆగి నా వంక చూసి నవ్వుతోంది.

"ఆగిపోయావేం మామయ్యా, మర్చిపోయావా?"

"లేదే, ప్లేటు తిప్పాలి."